అమ్మమ్మకీ పాతకీ మధ్య ఒక స్పేస్

నేను ల్యాప్‌టాప్ ఆన్ చేశానంటే మా హాస్టల్ రూమ్మేట్ బకెట్ తీసుకుని స్నానానికి వెళ్లిపోయేది. తిరిగొచ్చి తల తుడుచుకుంటూ "వచ్చిందా?" అని అడిగేది. అప్పటికి కూడా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి.

దాని తప్పేం లేదు. 2015లో మా పెదనాన్నగారి అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది. అన్నయ్య చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, కొత్తది కొనుక్కున్నాడు. పాతది "నువ్వు వాడుకోవే" అని నాకిచ్చాడు. నాలుగు జీబీ ర్యామ్, లోపల గిరగిరా తిరిగే పాతకాలం హార్డ్ డిస్క్, 'ఏ' అక్షరం చెరిగిపోయిన కీబోర్డు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోతుందని ఫోన్‌లో ప్రతిరోజూ వార్తలే. 11 వేద్దామంటే దీని ప్రాసెసర్‌కి అర్హత లేదు. కొత్తది కొనాలంటే నా జీతంలో సగం హాస్టల్‌కీ, మిగిలిన సగం ఇంటికీ పోతాయి.

ఆఫీసులో నా పక్క సీటు అక్కది వరంగల్. నా గోల విని "గదేం పెద్ద ముచ్చట? లైనక్స్ మింట్ ఏస్కో. ఇంకో నాలుగేండ్లు నడుస్తది" అంది. శనివారం పెన్‌డ్రైవ్ తెచ్చి పక్కన కూర్చుని మరీ వేసింది. సాయంత్రానికి ల్యాప్‌టాప్ రెండోసారి పుట్టింది. మా రూమ్మేట్‌కి స్నానానికి టైం చాలడం మానేసింది.

అక్క వెళ్తూ వెళ్తూ ఒక నల్ల కిటికీ తెరిచి చూపించింది. "ఇది టెర్మినల్. దీన్ని చూసి భయపడకు. కానీ దీంతోని మజాక్ కూడా చెయ్యకు" అంది.

మొదటి సగం బాగా విన్నాను.

* * *

ఫోన్‌లో పెరిగిన మనకి టెర్మినల్ కాస్త వింతగానే ఉంటుంది. ఫోన్‌లో బొమ్మ కనిపిస్తుంది, తాకుతాం, తెరుచుకుంటుంది. ఇక్కడ బొమ్మల్లేవు. మెరిసే గీత ఒకటి ఉంటుంది, అంతే. 'చెప్పు' అని ఎదురు చూస్తూ. ఏం కావాలో మనమే టైప్ చేసి ఎంటర్ కొట్టాలి.

ఆ పేరూ ఊరికే రాలేదు. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టిన రోజుల్లో కంప్యూటర్‌తో మాట్లాడ్డానికి టెలీటైప్ అని టైపు మిషన్ లాంటిది ఉండేది. మనం కొట్టింది కాగితం మీద పడేది, కంప్యూటర్ జవాబూ ఆ కాగితం మీదే పడేది. సెకనుకి పది అక్షరాలు. అందుకేనేమో ఆ పేర్లన్నీ అంత పొదుపు. లిస్ట్ అనాలంటే ఎల్‌ఎస్. కాపీకి సీపీ. మూవ్‌కి ఎంవీ. రిమూవ్‌కి ఆర్‌ఎం. ఇంకో అలవాటు కూడా అప్పటినుంచే ఉంది. పని జరిగితే అది ఏమీ అనదు. తేడా వస్తేనే నోరు విప్పుతుంది. మా ఊళ్లో కొంతమంది మావయ్యలు ఇలాగే ఉంటారు.

(మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది కూడా లైనక్స్ కర్నెలే. టెర్మక్స్ అని ఒక యాప్ ఉంది, అది వేసుకుంటే ఫోన్‌లోనే ఈ నల్ల కిటికీ వచ్చేస్తుంది. ఎల్‌ఎస్ కొట్టి చూడండి. ఆర్‌ఎం మాత్రం ఇది పూర్తిగా చదివాక.)

రెండు వారాల్లో నాకు పిచ్చి పట్టింది. 'సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్' అని కొడితే మొత్తం సాఫ్ట్‌వేర్ అంతా ఒకేసారి అప్‌డేట్ అయిపోతుంటే, ఆ వరసలు పైకి పరిగెడుతుంటే, నేనేదో రాకెట్ వదులుతున్నట్టు ఉండేది. ఎల్‌ఎస్ బదులు పొరపాటున ఎస్‌ఎల్ కొట్టేవాళ్ల కోసం ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది. అది వేసుకుని ఎస్‌ఎల్ కొడితే తెర మీద అక్షరాలతో చేసిన రైలింజన్ ఒకటి పొగ వదులుతూ అటు నుంచి ఇటు వెళ్లిపోతుంది. మధ్యలో ఆపుదామన్నా మామూలుగా ఆగదు. హాస్టల్లో అందరికీ చూపించాను. మెస్ ఆంటీకి కూడా.

తర్వాత అందం మీద పడ్డాను. డెస్క్‌టాప్‌ని రంగులూ, ఫాంట్లూ మార్చి ముస్తాబు చేసుకోవడాన్ని ఆ లోకంలో 'రైస్' చేయడం అంటారు. గోదావరి జిల్లా దాన్ని, రైస్ అంటే నాకు తెలిసింది వేరు. అయినా చేశాను. హోమ్ ఫోల్డర్‌లో 'బాష్ ఆర్‌సీ' అని దాక్కుని ఉండే ఫైల్ ఒకటి ఉంటుంది. పేరుకి ముందు చుక్క ఉండబట్టి మామూలుగా కనపడదు. దాన్లో ఏది రాస్తే టెర్మినల్ ప్రతిసారీ అలా తయారై వస్తుంది. నా పేరు కనపడే చోట ఆకుపచ్చ పెట్టాను. 'చెప్పు' అని తెలుగులో రాద్దామని చూశాను. కుదర్లేదు. టెర్మినల్ తెరని సమానమైన గళ్లుగా కోసుకుంటుంది, గడికో అక్షరం. ఇంగ్లిష్ అక్షరాలు బుద్ధిగా కూర్చుంటాయి. మన గుణింతాలూ వత్తులూ ఆ గళ్లలో ఇమడవు. 'చెప్పు'లో ఎత్వం ఓ చోట, పావత్తు ఓ చోట పడ్డాయి. సరే, ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు రాసుకున్నాను.

అక్కడే అలియాస్ అనే సంగతి తెలిసింది. పొడుగాటి కమాండ్‌కి మనకి నచ్చిన ముద్దుపేరు పెట్టుకోవచ్చు. 'చూడు' అంటే ఫైళ్ల జాబితా. 'ఎంతుంది' అంటే డిస్క్‌లో ఖాళీ ఎంతో చెప్తుంది. 'పైకి' అంటే పై ఫోల్డర్‌లోకి వెళ్తుంది. కంప్యూటర్ నా మాట వింటోంది, అదీ మా ఇంటి మాట! ఆ సంబరంలో ఇంకోటి కూడా పెట్టాను. 'తీసెయ్'.

మామూలు ఆర్‌ఎం ఫోల్డర్‌ని తీయమంటే 'ఇది ఫోల్డర్, నేను తీయను' అంటుంది. ఎక్కడో చదివి పక్కన హైఫన్ పెట్టి 'ఆర్‌ఎఫ్' తగిలించాను. ఆర్ అంటే లోపలున్నవాటితో సహా. ఎఫ్ అంటే ఏమీ అడక్కుండా, ఏమీ అనకుండా. 'తీసెయ్' అంటే ఇకనుంచి అదన్నమాట.

* * *

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి.

మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. 2017లో అమ్మ కువైట్ వెళ్లింది, ఇంటిపనికి. మా వైపు ఇది కొత్త విషయం కాదు, వీధికొకరు ఉంటారు. నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. అమ్మమ్మకి రాయడం రాదు. అమ్మకి పగలు ఫోన్ ఎత్తడానికి కుదరదు. అందుకని నేను అమ్మమ్మకి వాట్సాప్‌లో మైక్ గుర్తు నొక్కి పట్టుకోవడం నేర్పాను. ఇక చూడండి. కోడి గుడ్లు పెట్టిందని ఒక వాయిస్, పక్కింటావిడ మాట్లాడ్డం మానేసిందని ఒక వాయిస్. 1986 వరదల్లో ఏటిగట్టు మీద మూడు రాత్రులు ఎలా గడిపారో చెప్తూ ఆరు నిమిషాలు ఒకటి. లేసు అల్లుతూ మాట్లాడేది కాబట్టి మధ్యమధ్యలో ఆగి "ఆరు... ఏడు... ఎనిమిది... ఆఁ, ఏం చెప్తున్నానే?" అని కుట్లు లెక్కపెట్టుకునేది. అమ్మ రాత్రి పని అయ్యాక, పడుకునే ముందు విని జవాబు పంపేది.

2021 మేలో, కరోనా రెండోసారి వచ్చినప్పుడు, అమ్మమ్మ పోయింది. అమ్మ రాలేకపోయింది.

2022లో అమ్మ ఇంటికొచ్చేసింది. అక్కడి సిమ్ పోయింది, నంబర్ మారింది. ఆ ఫోన్ అప్పటికే బ్యాటరీ ఉబ్బి మూత పైకి లేచి ఉంది. అందులోంచి అమ్మమ్మ వాయిస్‌లు తీసి అన్నయ్య ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. మొదటిసారి ఎక్కిస్తే 38 వచ్చాయి. వాట్సాప్ వాటిని వారానికో చిన్న ఫోల్డర్ చేసి దాస్తుందని తర్వాత తెలిసింది, కొన్ని వారాలు నేను చూడనే లేదు. రెండోసారి జాగ్రత్తగా అన్నీ తీశాను. 63. ఆ నెలలోనే ఫోన్ చచ్చిపోయింది.

అన్నీ ఉన్న ఫోల్డర్ పేరు 'అమ్మమ్మ'. మొదట తీసిన సగం సగం దాని పేరు 'అమ్మమ్మ పాత'. పక్కపక్కనే ఉండేవి. మింట్ వేసేటప్పుడు రెండూ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, మళ్లీ లోపల పెట్టి, ఆ పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి ఆఫీసు పనికి వాడేసుకున్నాను. ఎందుకు చేశావే అని మీరు అడగొద్దు, నన్ను నేను చాలాసార్లు అడిగాను.

నేను ఊరెళ్లినప్పుడల్లా అన్నాలయ్యాక అమ్మ "ఆ పెట్టెలోవి పెట్టవే" అంటుంది. ల్యాప్‌టాప్‌ని ఆవిడ పెట్టె అంటుంది. గిన్నెలు తోముకుంటూ వింటుంది.

* * *

డిసెంబర్‌లో ఒక ఆదివారం. నా డెస్క్‌టాప్ ముస్తాబు పూర్తయింది. స్క్రీన్‌షాట్ తీసి ఇన్‌స్టాలో పెడదామని కూర్చున్నాను. టెర్మినల్ తెరిచి 'చూడు' కొట్టాను. ఫోల్డర్లన్నీ నీలం రంగులో వరసగా వచ్చాయి. చూడ్డానికి బావుంది గానీ, ఒక్క పేరు మాత్రం కోట్స్‌లో ఉండి వరస చెడగొడుతోంది. 'అమ్మమ్మ పాత'. స్పేస్ ఉన్న పేర్లని ఎల్‌ఎస్ అలా కోట్స్‌లో పెట్టి చూపిస్తుంది. రెండు నెలలుగా చూస్తున్నాను. ఎందుకలా అని ఒక్కసారీ అనుకోలేదు.

ఎలాగూ అన్నీ 'అమ్మమ్మ'లో ఉన్నాయి కదా. సరిచూసుకున్నాను కూడా, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటే 63 అంది. ఇంకా ఈ పాతది ఎందుకు?

తీసెయ్ అమ్మమ్మ పాత.

ఎంటర్.

టెర్మినల్ ఏమీ అనలేదు. అంటే పని జరిగింది. మళ్లీ 'చూడు' కొట్టాను. కోట్స్‌లో 'అమ్మమ్మ పాత' అక్కడే ఉంది. అరె, పోలేదేంటి అనుకున్నాను. వరసలో పైకి చూశాను. డౌన్‌లోడ్స్ ఉంది, పిక్చర్స్ ఉంది. 'అమ్మమ్మ' లేదు.

ఒక పది సెకన్లు నాకు నిజంగానే అర్థం కాలేదు.

మీకు నేను చెప్పిన మాట ఎలా వినిపించింది? అమ్మమ్మవి పాతవి ఉన్నాయి, అవి తీసెయ్ అనే కదా. మా రూమ్మేట్‌కి చెప్పినా అలాగే అర్థమవుతుంది. టెర్మినల్‌కి స్పేస్ అంటే ఒక మాట అయిపోయి ఇంకో మాట మొదలవడం. దానికి నేను రెండు పేర్లు చెప్పాను. ఒకటి: అమ్మమ్మ. రెండు: పాత. అమ్మమ్మని తీసేసింది. పాత అని ఏ ఫోల్డరూ లేదు. మామూలుగా అయితే 'పాత అనేది లేదు' అని గొణిగేదే, కానీ ఏమీ అనొద్దని ఎఫ్ పెట్టి నోరు నొక్కింది నేనే. ఇంటి మాట పెట్టుకున్నానని మురిసిపోయాను చూడండి, ఆ 'తీసెయ్' వెనకాల ఎఫ్ ఉందన్న సంగతి ఆ ఇంటి మాటే కప్పేసింది.

ట్రాష్‌లో చూశాను. ఖాళీ. మౌస్‌తో డిలీట్ చేస్తేనే ట్రాష్‌లోకి వెళ్తాయి, ఆర్‌ఎంకి ట్రాష్‌తో సంబంధం లేదు. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అని ఉంది, పాత స్థితికి తీసుకెళ్తుంది అని మొదటిరోజే ఆన్ చేసుకున్నాను కదా, అది తెరిచాను. అది సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది. మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప హోమ్ ఫోల్డర్ జోలికి రాదు. ఇంత ముఖ్యమైన సంగతి నేను చదవకుండానే నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేశాను.

అప్పుడు ఏడుపొచ్చింది. అక్కకి ఫోన్ చేశాను.

"ఆగు ఆగు, ఏడ్వకు. ల్యాప్‌టాప్ల ఏమన్న చేసినవా దాని తర్వాత?"

"ట్రాష్ చూశానక్కా. ఇప్పుడు గూగుల్ చేద్దామని బ్రౌజర్..."

"బ్రౌజర్ తెరువకు! ముందుగాల పవర్ బటన్ వత్తి పట్టుకో. షట్‌డౌన్ గాదు. వత్తి పట్టుకో, ఆరిపోయేదాంక."

నొక్కి పట్టుకున్నాను. నా ఆకుపచ్చ రంగు పేరు ఆరిపోయింది.

* * *

సాయంత్రం అక్క మెట్రోలో వచ్చింది, చేతిలో రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒక కవర్లో మిర్చి బజ్జీలు. తినమని నాకిచ్చి, తను మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చెప్పింది.

ఆర్‌ఎం కొడితే డిస్క్ మీద ఉన్న డేటా ఆ క్షణంలో చెరిగిపోదట. ఫలానా ఫైల్ ఫలానా చోట ఉంది అనే చిరునామా పోతుంది, ఆ చోటు ఖాళీగా ఉందని రాసుకుంటుంది. గొంతు ఇంకా అక్కడే ఉంటుంది, దాని పైన ఇంకోటి వచ్చి కూర్చునేదాకా. బ్రౌజర్ తెరిస్తే అది తన చెత్త అంతా ఎక్కడో ఒకచోట రాస్తుంది. ఆ 'ఎక్కడో' అమ్మమ్మ మీద కావచ్చు. షట్‌డౌన్ చేసినా వెళ్తూ వెళ్తూ ఏదో రాస్తుంది. అందుకే గొంతు నులిమినట్టు ఆపమంది. "నీ అదృష్టం, ఇది పాత హార్డ్ డిస్క్" అంది. కొత్త ఎస్ఎస్‌డీల్లో ట్రిమ్ అని ఒక పద్ధతి ఉంది, ఖాళీ అయిన చోటుని డ్రైవ్ తనే శుభ్రం చేసేసుకుంటుంది. అది అయిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. రెండు నెలల కింద ఎస్ఎస్‌డీ వేయించుకోవడానికి డబ్బుల్లేవని ఏడ్చాను నేను.

ఒక పెన్‌డ్రైవ్‌లోంచి మింట్ ఎక్కించింది, అంటే ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ లోపలి డిస్క్‌ని తాకదు. దాంట్లో ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్ వేసింది. క్రిస్టాఫ్ గ్రెనియే అని ఫ్రాన్స్ ఆయన రాసింది, ఉచితం. పేరు ఫోటో గానీ పాటలూ, డాక్యుమెంట్లూ ఏవైనా వెతుకుతుంది. పేర్లూ ఫోల్డర్లూ దానికి అక్కర్లేదు, డిస్క్‌ని మొదట్నుంచి చదువుకుంటూ పోయి 'ఈ తల చూస్తే ఇది ఫలానా రకం ఫైల్‌లా ఉందే' అని పట్టుకుంటుంది. వాట్సాప్ వాయిస్‌లు ఓజీజీ అనే రకం కిందికి వస్తాయి. అది ఒక్కటే ఎంచుకుని, ఖాళీ చోటులో మాత్రమే వెతకమని, దొరికినవి రెండో పెన్‌డ్రైవ్‌లో పెట్టమని చెప్పి ఎంటర్ కొట్టింది.

ఇదీ నల్ల కిటికీయే. ఒక అంకె మెల్లగా పెరుగుతూ ఉంది. దొరికినవి: 0. చాలాసేపు 0. బజ్జీలు చల్లారిపోయాయి. తర్వాత 3. తర్వాత ఒకేసారి 17.

అక్క ఆఖరి మెట్రోకి వెళ్లిపోయింది. నేను మెలకువగానే ఉన్నాను. తెల్లవారుజామున అది ఆగేటప్పటికి 212.

అన్నీ అమ్మమ్మవి కావు. ఎప్పుడో నేను డిలీట్ చేసిన నా వాట్సాప్ వాయిస్‌లు కూడా లేచొచ్చాయి. పైగా ఏ ఫైల్‌కీ పేరు లేదు. ఎఫ్ అక్షరం, పక్కన పొడుగాటి నంబర్, అంతే. వాట్సాప్ ఇచ్చిన పేర్లలో తేదీ ఉండేది. అదీ పోయింది.

'అమ్మమ్మ పాత'లో 38 భద్రంగా ఉన్నాయి కదా, నేను తీసేద్దామనుకున్నది, పోనిది. దొరికినవాటిలో అవీ ఉండొచ్చు, ఎందుకంటే పోయిన ఫోల్డర్‌లోనూ ఆ 38 ఉన్నాయి. ఎండీ5సమ్ అని ఒక కమాండ్ ఉంది. ఏ ఫైల్‌కైనా వేలిముద్ర లాంటి ఒక పొడుగాటి అంకె తీసిస్తుంది. రెండు ఫైళ్ల అంకె ఒకటే అయితే రెండూ ఒకటే. దానితో ఉన్నవాటిని పక్కన పెట్టేశాను. మిగతావి ఒక్కొక్కటీ వినాల్సిందే. సోమవారం సెలవు పెట్టాను.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ పోయాను. కోచింగ్ సెంటర్ ఫ్రెండ్ ఎవరి గురించో ఏడుస్తోంది. అన్నయ్య "అమీర్‌పేట్‌లో దిగావా?" అంటున్నాడు. ఇంకెవరో పాట పాడుతున్నారు. ఎఫ్, ఎఫ్, ఎఫ్. అలా పోతుంటే, ఉన్నట్టుండి:

"...ఆరు... ఏడు... ఎనిమిది... ఆఁ, ఏం చెప్తున్నానే?"

ఆ తర్వాత కాసేపు ఏమీ వినలేకపోయాను.

సాయంత్రానికి లెక్క తేలింది. కొత్తగా దొరికినవి 21. పాతవి 38. మొత్తం 59. నాలుగు పోయాయి. మళ్లీ ఒకసారి డిస్క్ మొత్తం వెతికించాను, ఇంకోసారి అక్క వెతికింది. నాలుగూ దొరకలేదు. అవి ఏవో కూడా నాకు తెలీదు. 63 అనే అంకె ఒక్కటే నా దగ్గరుంది.

* * *

ఆ వారం బాష్ ఆర్‌సీ మళ్లీ తెరిచాను. 'తీసెయ్' కొట్టేశాను. ఆర్‌ఎంకి పెద్ద ఐ తగిలించాను, ఫోల్డర్ తీయమంటే ఒకసారి అడుగుతుంది. 'చెత్త' అని కొత్త అలియాస్ పెట్టుకున్నాను, అది ఫైల్‌ని చంపదు, ట్రాష్‌లోకి పంపుతుంది. ఫోల్డర్ పేర్లలో స్పేస్ మానేసి కింద గీత పెడుతున్నాను. పేరు మొత్తం టైప్ చేయకుండా సగం కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది, స్పేస్ ఉంటే దాని ముందు ఒక అడ్డగీత కూడా పెడుతుంది, ఇది ఒకే పేరు సుమా అని. ఇది నాకు మొదటి రోజే అక్క చెప్పింది. ఫాస్ట్‌గా టైప్ చేస్తానని గొప్ప కదా నాకు, ట్యాబ్ ఎవడు నొక్కుతాడు.

అమ్మమ్మ 59 వాయిస్‌లూ ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో, ఎవరికీ ఇవ్వని ఒక పెన్‌డ్రైవ్‌లో, నా ఫోన్‌లో. అమ్మ ఫోన్‌లో పెట్టలేదు. పెట్టాలంటే ముందు చెప్పాలి.

సంక్రాంతికి ఊరెళ్లాను. భోగి నాడు అన్నాలయ్యాక అమ్మ గిన్నెలు ముందేసుకుని కూర్చుని "ఆ పెట్టెలోవి పెట్టవే చిన్నీ" అంది.

చెప్పేశాను. టెర్మినల్, ఆర్‌ఎం, స్పేస్, ఇవన్నీ చెప్తే ఏం అర్థమవుతాయి. "నేను చూసుకోకుండా తుడిచేశానమ్మా. చాలావరకు మళ్లీ దొరికాయి. నాలుగు పోయాయి" అన్నాను.

చేతిలో గిన్నె అలాగే పట్టుకుని చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఏవి?"

"తెలీదమ్మా. పేర్లు కూడా పోయాయి."

"పెట్టు అన్నీ. నే చెప్తాను."

పండక్కి మూడు రాత్రులూ అదే పని. నేను టెర్మినల్‌లో ఒక్కొక్కటీ పెట్టడం, అమ్మ వినడం. రెండు మాటలు వినగానే "ఇది గేదె ఈనినప్పటిది", "ఇది నువ్వు ఇంటర్ ఫెయిలవుతావని భయపడ్డప్పటిది" అనేది. నేను ఎంవీ కొట్టి ఆ నంబర్ తీసేసి అమ్మ చెప్పిన పేరు పెట్టేదాన్ని. గేదె_ఈనింది. చిన్నీ_ఇంటర్. పక్కింటావిడ_మాటల్లేవు. కొన్నింటికి ఏ నెలో కూడా చెప్పింది. "అప్పుడు మా మేడమ్ వాళ్లకి రంజాన్. రాత్రి రెండింటికి విన్నాను ఇది." ఆరు నిమిషాల వరద కథలో అమ్మమ్మ ఎక్కడ దగ్గుతుందో అక్కడికి ముందే అమ్మ నవ్వేది.

కనుమ రాత్రి ఆఖరిది అయిపోయింది. అమ్మ వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"ఆ సున్నుండలది లేదు. పెద్దమావయ్య కోపం తెచ్చుకుని వెళ్లిపోయింది లేదు. నాకు జ్వరమొచ్చినప్పుడు పెట్టింది ఒకటి ఉండాలి. ఇంకోటి..." ఆగింది. "ఇంకోటి గుర్తొస్తుందిలే."

"జ్వరం అప్పుడు ఏమంది అమ్మా?"

"ఏమంటుంది. 'మిరియాల చారు కాచుకోవే. వాళ్లింట్లో మిరియాలుంటాయా? అడుగు, సిగ్గుపడకు. అడిగితే ఎవరూ కొట్టరు. ఇక్కడ వాన పడుతోంది, చూరు కింద చెంబు పెట్టాను, ఆ చప్పుడు నీకు వినపడుతోందా?' అని కాసేపు ఊరుకుంది. చెంబు చప్పుడు వినిపించింది." అమ్మ సరిగ్గా అమ్మమ్మలాగే సాగదీసి చెప్పింది, ఆ 'వినపడుతోందా' అనేటప్పుడు కూడా.

నేను అదే టెర్మినల్‌లో నానో తెరిచాను. అక్కడే రాసుకునే చిన్న ఎడిటర్ అది. అమ్మ మళ్లీ మొదట్నుంచి చెప్పింది, నేను టైప్ చేశాను. 'మిరియాల' అని కొట్టేసరికి గుడి ఒక గడిలో, అక్షరం ఇంకో గడిలో పడ్డాయి. 'పెట్టాను'లో టావత్తు కింద వరస మీదికి జారింది.

అమ్మ కళ్లజోడు సర్దుకుని తెరలోకి చూసింది.

"ఏంటే ఆ అక్షరాలు? చెదలు తిన్నట్టున్నాయి."

"దీంట్లో తెలుగు ఇంతేనమ్మా. లోపల సరిగ్గానే ఉంటుంది."

"నాకు లోపల ఎలా కనపడుద్ది? అక్షరాలు సరిగా కనపడే దాంట్లో రాయి."

టెర్మినల్ మూసేసి మామూలు ఎడిటర్ తెరిచాను. అక్షరం పెద్దది చేశాను. అమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగి, నోట్లో నోట్లో చదువుకుని, "చెంబు కాదు. సత్తు చెంబు. అది రాయి" అంది.